నాడాలున్న బల్లగుడ్డ

1944లో ఒక ఆదివారం, మదనపల్లెలోని ఒక చిన్న ప్రొటెస్టెంట్ చర్చిలో, పాస్టర్ విల్సన్ అయ్యగారు ప్రభు బల్ల మీద రొట్టె పళ్ళేనికి కప్పిన తెల్లగుడ్డను భక్తిగా పైకెత్తారు. గుడ్డకు రెండు పక్కలా నాడాలు వేలాడాయి. చుట్టూ నీలం అంచు ఉంది. ఇస్త్రీలో మాత్రం ఒక్క ముడత లేదు.

ఇస్త్రీ చేసింది ఐజాక్. ఆ వీధిలో తెల్లబట్టలన్నీ అతని బొగ్గులపెట్టె కిందికే వచ్చేవి. చర్చి గుడ్డలు, నర్సమ్మల టోపీలు, ఊరి చివర బంగళాలో కూడే ఫ్రీమేసన్ల ఏప్రన్లు. ఫ్రీమేసన్లంటే దొరలూ ప్లీడర్లూ ఆఫీసర్లూ చేరిన ఒక సంఘం. నెలకోసారి తలుపులు మూసుకుని, నడుముకు ఆ ఏప్రన్లు కట్టుకుని ఏదో చేస్తారు. ఏం చేసేదీ బయట చెప్పబోమని ఒట్టు పెట్టుకుంటారు. జనం దాన్ని దయ్యాల బంగళా అనేవాళ్ళు.

ముందురోజు శనివారం ఐజాక్ చర్చి మూటా బంగళా మూటా తారుమారు చేశాడు. చర్చి గుడ్డ బంగళాలో ఎవరి నడుముకెక్కిందో ఎవరూ చెప్పలేదు. తిరిగొచ్చినప్పుడు దానిమీద కుట్టిన ద్రాక్షగుత్తికి మాంసం పులుసు మరక మాత్రం ఉంది.

వట్టి పొరపాటైతే మన్నించేవారే. కానీ అయ్యగారి దగ్గర సీమ నుంచి వచ్చిన ఒక ఇంగ్లీషు పుస్తకం ఉంది. రెండు వందల ఏళ్ళ కిందటే రోములో పోపు ఈ సంఘాన్ని వెలివేశాడనీ, స్పెయిన్లో, పోర్చుగల్లో మతాధికారులు వీళ్ళను చెరలో వేసి రహస్యం కోసం హింసించారనీ అందులో రాసి ఉంది. ఆ చర్చిలో పోపు మాటకు విలువ దొరకడం అదే మొదటిసారి.

చర్చి పెద్దలు ఐజాక్‌ను పిలిపించారు.

"లోపల ఏం సేస్తారో సెప్పు ఐజాకూ. సెప్పేదాకా నువ్వు ప్రభు బల్లకు రాకూడదు, రొట్టె తీసుకోకూడదు. నీ బిడ్డ పెండ్లి ప్రకటన కూడా సదవం" అన్నాడు పెద్దాయన.

ఐజాక్ కూతురు లిడియాకు కుప్పం సంబంధం కుదిరింది. మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదివితేనే పెళ్ళి. ఒక వారమే అయింది.

"నాకేం తెలుసు సామీ? వాకిట్లో మూట ఇచ్చేసి వస్తాను. లోపల నవ్వేది వినపడతాది, అంతే."

"దేనికి నవ్వుతారు?" పెద్దాయన పెన్సిలు తీశాడు.

"కూర బాగుంటే నవ్వుతారేమోప్పా."

పెద్దాయన అదే రాసుకున్నాడు.

ఐజాక్, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిచే బస్సెక్కి పుంగనూరు పోయాడు. అక్కడ దేవరాజులు అనే రిటైరైన ఓవర్సియరు ఫ్రీమేసన్ల సంఘంలో సభ్యుడు, ఐజాక్ ఇస్త్రీ అంటే ప్రాణం పెట్టే మనిషి.

"సామీ, ఒక్క రహస్యం సెప్పండి. సిన్నదైనా పర్వాలేదు. బిడ్డ పెండ్లి ఆగిపోతాండాది."

దేవరాజులు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఒట్టు పెట్టుకుండానప్పా. మా ఇంట్లోదానికే సెప్పలేదు. నిజానికి అదేమంత పెద్దది గాదు. అది కూడా నీకు సెప్పకూడదు."

కాఫీ తాగించి, బస్సు దాకా వచ్చి సాగనంపాడు. అంతకుమించి ఆయన చేతిలో ఏమీ లేదు.

రెండో ఆదివారం అయ్యగారు ప్రకటనల్లో ఎవరిదో పోయిన గొడుగు గురించి చదివారు, గాయకుల అభ్యాసం గురించి చదివారు. లిడియా పేరు రాలేదు.

చివరికి పెళ్ళికొడుకు తండ్రి యేసుదాసే కుప్పం నుంచి వచ్చి దారి చూపాడు. ప్రకటన, పెళ్ళి రెండూ కుప్పం చర్చిలోనే. కాకపోతే అక్కడికీ అయ్యగారి ఉత్తరం చేరింది. "ఏమనుకోవద్దు బావా, నువ్వు మాత్రం చర్చి గడప దాటకూడదంట" అన్నాడు యేసుదాసు. ఐజాక్ తలూపాడు. మూడు వారాల నుంచి అతను చేస్తున్న పని అదొక్కటే.

పెళ్ళినాడు లిడియా గడప దగ్గర ఆగింది. "నాయనా, సీర ముడత పడిందేమో సూడు."

ముడత లేదు. ఆ చీర తానే ఇస్త్రీ చేశాడు. అయినా వంగి, అంచు ఒకసారి చేత్తో సర్దాడు. బిడ్డ లోపలికి పోయింది.

బయట చెప్పుల పక్కన నిలబడి కిటికీలోంచి చూశాడు. గాలికి కొవ్వొత్తులు ఆరిపోతున్నాయని ఎవరో కిటికీ మూశారు. ఆ తర్వాత పాట వినపడింది. ఎందుకో అందరూ ఒక్కసారిగా నవ్వారు.

లోపల పెళ్ళి చూసొచ్చిన అతని భార్య ఫ్లోరా, తిరుగు బస్సులో అతను అడుగుతాడేమోనని పలమనేరు దాకా చూసింది. అక్కడికొచ్చాక ఇక ఉండబట్టలేకపోయింది.

"ఏం మనిషివయ్యా! కన్నబిడ్డ పెండ్లి. లోపల ఏం జరిగిందని ఒక్క మాటైనా అడగవే?"

"లోపల జరిగింది సెప్పమని ఇంక ఎవర్నీ అడగను మే."