పరారీ అన్న మాట

మా పత్రికలో జిల్లా పేజీలు తగ్గిన ఏడాది, ఖమ్మం డెస్కు నుంచి మండల విలేకరులందరికీ ఒకటే మాట వచ్చింది. ప్రతివాడూ తన మండలానికి ఒక వాట్సాప్ గ్రూపు నడపాలి, వార్త ముందు అందులో పడాలి, పేపరు సంగతి తర్వాత. ములకలపల్లిలో పద్దెనిమిదేళ్లుగా విలేకరిగా ఉన్న నాకు అది నచ్చలేదు. అయినా గ్రూపు పెట్టాను. త్వరలోనే నిండిపోతే రెండోది పెట్టాను. పోస్టు పెట్టిన నిమిషానికే జనం మాట్లాడుకుంటుంటే బాగానే అనిపించింది. ఆ రుచికి అలవాటు పడ్డాను.

ఒక వానాకాలం ఉదయం, అడవి అంచు ఊళ్లోని ఆడపిల్లల హాస్టల్ నుంచి ఫొటో వచ్చింది. వరండాలో పిల్లలు కడుపు పట్టుకుని కూర్చున్నారు. పంపింది ఆ ఊరి కిరాణా కొట్టాయన. కింద "వార్డెన్ లేదు" అని రాశాడు. వార్డెన్‌కు ఫోన్ చేస్తే కలవలేదు. బండి మీద వెళ్తే ముప్పావు గంట దారి. ఒకప్పుడైతే వెళ్లేవాణ్ని. ఆ రోజు మాత్రం యూట్యూబ్ చానల్ వాళ్లు ముందు పెట్టేస్తారేమోనన్న ఆత్రం. "విద్యార్థినులకు అస్వస్థత, వార్డెన్ పరారీ" అని పెట్టేశాను. "లేదు" అన్న మాటను "పరారీ"గా మార్చింది నేనే.

డెస్కు ఇన్‌ఛార్జి ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. మధ్యాహ్నానికి ఎవరో ఆమె ఫొటో కూడా వెతికి పెట్టారు. దాని కింద బూతులు. అడ్మిన్‌ని నేనే అయినా ఒక్కటీ తీయలేదు. సాయంత్రానికి ఆమెను సస్పెండ్ చేశారు.

హాస్టల్‌కు నేను ఆ తర్వాతే వెళ్లాను. బాగా నీరసించిన నలుగురు పిల్లలను వార్డెనే పొద్దున్నే ఆటోలో కొత్తగూడెం దవాఖానాకు తీసుకెళ్లిందని వంటమనిషి చెప్పింది. అడవి దారిలో ఫోన్లు పనిచేయవు.

గ్రూపులో సవరణ పెట్టాను. దాని కింద ఒకాయన దండం బొమ్మ పెట్టాడు, అంతే. పేపరులోనైనా వేయమని ఇన్‌ఛార్జిని అడిగాను. చోటు లేక ఆ వార్త పేపరులో రానేలేదు.

"పేపర్ల రాని దానికి సవరణ ఏంది?" అన్నాడు.

రెండు నెలలకు విచారణలో ఆమె తప్పు లేదని తేలింది. వేరేచోట పోస్టింగ్ ఇచ్చారు. అప్పుడు ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో వాళ్లింటికి వెళ్లాను. భర్త తలుపు తీసి, నన్ను చూసి పక్కకు జరిగాడు. ఆమె మంచినీళ్లు తెచ్చిచ్చింది. "నేను దవాఖానాల ఉండంగనే మీ పోస్టు మా చర్చి గ్రూపులకొచ్చింది, ఏడ దాక్కున్నవని నాకే ఫోన్లు చేసిన్రు," అని చెప్పింది. గొంతు పెంచలేదు.

"అన్నా, మా హాస్టల్ల పప్పు నీళ్ల లెక్క ఉందని ఒకసారి పేపర్ల రాసిన్రు, యాదుందా? గప్పుడు వచ్చి పిల్లలతోని కూసొని తిని రాసిన్రు. నాకు మస్తు కోపమొచ్చింది. గని అబద్ధమని అనలే. ఈసారి ఎందుకు రాలే?"

"జల్దీ పెట్టాలని..." అని ఏదో అన్నాను. ఆ పోస్టు తీసేయమని అడిగింది. అంత పాతది నా ఫోన్లోంచి పోతుంది గానీ మిగతావాళ్ల ఫోన్లలోంచి పోదని చెప్పాల్సి వచ్చింది.

"అయితే ఇగ ఉండనియ్యున్రి," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ గ్రూపులు ఇప్పటికీ నేనే నడుపుతున్నాను. ఫొటో వస్తే ముందు బండి తీస్తున్నానని రాసుకోవాలని ఉంది. కొన్నిసార్లు తీస్తాను. చాలాసార్లు ఒక ఫోన్ చేసి ఊరుకుంటాను.