మేడ మీద డ్రమ్ములో బెల్లం

ఈ ఏడాది జూన్ పదహారు, సోమవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా మేడ మీదకి నీలం రంగు డ్రమ్ము ఎక్కింది. ఎక్కించింది మా మరిది. వెనక నుంచి "మెల్లిగా, మెల్లిగా" అనడం తప్ప నేను చేసిందేమీ లేదు. డ్రమ్ము చుట్టూ కన్నాలు పొడిచి, అడుగున ఎండుటాకులు పరిచి, ఆ పూట తరిగిన ఆనపకాయ తొక్కు వేసి మూత పెట్టాను. నాకు డెబ్భై రెండేళ్ళు. ఆ రోజు మెట్లు రెండేసి చొప్పున దిగాలనిపించింది.

అంతకు ముందు వారమంతా మా రెండు కుటుంబాల చెత్తనీ త్రాసులో వేసి చూశాను. నాలుగు పాళ్ళలో మూడు పాళ్ళు వంటింటి తడి చెత్తే. అది మేడ మీద మట్టిగా మారితే ఊరి బయట పొగలు కక్కే చెత్త గుట్టకి మేం పంపేది ఒక్క పాలు. అందులోనూ తడి తగలని అట్టపెట్టెల్ని, పాల ప్యాకెట్లని పాత సామాన్ల బండివాడు డబ్బిచ్చి పట్టుకెళ్తాడు. తడిస్తే ముట్టుకోడు. ఎరువు బస్తా కొననక్కర్లేదు. ఇంత లాభం ఇన్నాళ్ళూ బకెట్లో పోసి పారేశామా అని నాకు నవ్వొచ్చింది.

నవ్వు రానిది మా తోటికోడలికి. ఆమె ఉండేది పై వాటాలో, సరిగ్గా డ్రమ్ము కింద. పుట్టిల్లు కె. కోటపాడు దగ్గర, చెరకు రైతులు. నెల తిరగకుండానే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, నీ డ్రమ్ము కంపుకి మా ఇంట్లో అన్నం దిగట్లేదు. వినాయక సవితికి అది మట్టయితే సరి. లేపోతే సెత్త బండోడికి నా సేతుల్తో నేనే ఇచ్చేత్తాను."

"అవుద్ది సెల్లీ, అవుద్ది."

"ఏటవుద్ది? దోమలవుతన్నాయి!"

మేడ ఇద్దరిదీ. ఆమె కాదంటే డ్రమ్ము దిగాల్సిందే. నాకు గాభరా పుట్టింది. కంపు బయటికి రాకుండా కన్నాలన్నిటికీ గుడ్డలు కుక్కి, మూత బిగించేశాను. త్వరగా కుళ్ళాలంటే ఏం చేయాలని వార్డు సచివాలయం అమ్మాయికి ఫోన్ చేశాను. "మజ్జిగ నీళ్ళలో చిటికెడు బెల్లం కలిపి చల్లండి మామ్మగారూ" అంది. మా అనకాపల్లిలో బెల్లాన్ని చిటికెలతో కొలిచే ఇల్లు నేనెరగను. శనివారం సాయంత్రం సగం దిమ్మ నలగ్గొట్టి, బకెట్టు మజ్జిగలో కరిగించి డ్రమ్ములో కుమ్మరించాను.

మంగళవారం, పగలు పదకొండూ నలభైకి, ఢాం అని పేలింది.

"గ్యాసు బండ! గ్యాసు బండ!" అని మా మరిది ఒక చెంప మీద సబ్బు నురగతో పైకి పరిగెత్తాడు. అతని వెనక తోటికోడలు, ఆమె వెనక నేను. మూత లేదు. డ్రమ్ములోంచి గోధుమరంగు నురగ బుసబుసా పొంగుతోంది. దండెం మీద ఆరేసిన దుప్పట్ల మీదా, మరిది తెల్ల పంచె మీదా పాకం కారుతోంది. రెండు గోరింకలు ఆ నురగ తాగి పిట్టగోడ మీద పక్కకి పక్కకి నడుస్తున్నాయి.

మా మరిది వంగి వాసన చూశాడు. "వదినా, ఇది సారా ఊట. గ్లాసు ఎంతకిత్తావు?"

తోటికోడలు కొంగుతో నోరు మూసుకుంది. కోపమనుకున్నాను. భుజాలు ఊగుతున్నాయి. అక్కడే మెట్టు మీద కూలబడిపోయింది.

"మా పుట్టింటోళ్ళు తరాల బట్టి బెల్లం వండేరు. ఒక్కరూ ఊట ఎయ్యలేదు. ఈ ఇంటి పెద్దకోడలు ఏసింది!"

నవ్వలేక నాకు డొక్కలు పట్టేశాయి. గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది. "నవ్వేను గానీ, సవితి సవితే. మాట మారదు."

ఊటంతా వార్చి, బాగా నీళ్ళు కలిపి కాలవలో పోశాం. ఆ వాసనకి రెండు రోజుల పాటు మా వీధిలో మగవాళ్ళు కాస్త నెమ్మదిగా నడిచారు. సందు చివర చెరకు రసం బండి దగ్గర పిప్పి ఊరికే ఇచ్చారు. దాన్ని ఎండబెట్టి, ముక్కలు చేసి, తడి పీల్చుకోడానికి డ్రమ్ములో కలిపి, కన్నాలు తెరిచి, పైన గోనెపట్టా కప్పాను. రోజూ కర్రతో కలియబెట్టాను. కంపు తగ్గింది. మట్టి అవుతోందో లేదో మాత్రం తెలియదు.

చవితి నాడు ఉదయం ఆరున్నరకి తోటికోడలు తలస్నానం చేసి వచ్చి గోనెపట్టా తీసింది. పైన పిప్పి పిప్పిగానే కనిపించింది. ఆమె మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి పిడికిలి పైకి తీసింది. నల్లగా, పొడిపొడిగా మట్టి. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇందులో సగం నాది. మల్లె కుండీలకి."

"మరి డ్రమ్మో?"

"ఉండనీ. బెల్లం కలిపేటప్పుడు మాత్రం నన్ను పిలు."

పోయినవి: బెల్లం, సగం దిమ్మ. మజ్జిగ, ఒక బకెట్టు. దుప్పట్లు, రెండు. మరిది పంచె, ఒకటి. డ్రమ్ము మూత, ఒకటి, ఇప్పటికీ దొరకలేదు. తయారైన మట్టి, సగం.