బండి సద్దు

నిన్న కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ పోతుంటే, వెనక సీటులోంచి నా కూతురు "అమ్మా, కారులో ఏందో సద్దు వస్తా ఉంది" అంది. నాకేమీ వినబడలేదు. తాత పాత కారు గుర్తొచ్చింది.

ఆ కారులో పాటలు కూడదు, మాటలు కూడదు. "అద్దాలు మూసి, పాట పెట్టి తోలేవాడు డ్రైవరా? బండి చెప్పేది వినాల" అనేవాడు తాత. దారంతా నన్నే అడిగేవాడు, "పాపా, ఏమన్నా సద్దు వస్తుందా?" అని. అదేదో పరీక్ష అనుకొని, తప్పు చెబితే తిడతాడని, చెమట పట్టిన అరచేతులు గౌనుకు తుడుచుకుంటూ "లేదు తాతా" అనేదాన్ని.

ఒకరోజు సాత్తూరు దగ్గర నిజంగానే కీచుమంది. అప్పుడూ లేదనే అన్నాను. కాసేపటికి ముందు నుంచి ఆవిరి చిమ్మి బండి ఆగిపోయింది.

"ఇంత సద్దు వినబడలేదా అయ్యా?" అన్నాడు బానెట్ ఎత్తి చూసిన మెకానిక్.

తాత నా వైపు చూడలేదు. "వినబడె. ఊరు చేరుతుందిలే అనుకొంటి."

నన్ను కాపాడడానికే అబద్ధమాడాడని ఇన్నేళ్ళూ నమ్మాను. ఆయన చెవులు మందగించాయని, నా చెవులతోనే బండి తోలాడని నిన్నటిదాకా తట్టలేదు.

"వినబడిందా అమ్మా?" కూతురు మళ్ళీ అడిగింది.

"వినబడె" అన్నాను, కారు పక్కకు తీసి ఆపుతూ.