బైబిళ్లు అమ్మని బైబిల్ దుకాణం

పోయిన శనివారం నన్ను నేనే తిట్టుకుంట పేజీన్నర టైప్ చేసిన. ఒక పెద్దమ్మ పక్కన కూసోని చెప్తుంటే, "ఇంకొంచెం మెత్తగ రాయి నాయనా" అని బతిమాలుతుంటే, నేను విననే లేదు. ఎట్లైందో చెప్త, ఛాయ్ తాగుకుంట వినుండ్రి. నవ్వితే నవ్వుండ్రి గానీ నడుమల లేచి పోవద్దు.

నాకు ఒక బ్లాగున్నది గదా. వారమంత కంచన్‌బాగ్‌ల ఒక ఫ్యాక్టరీ ఆఫీసుల ఫైళ్లు చూస్త, సెలవు దొరికితే స్కూటర్ తీసి పాతపట్నంల పాత దుకాణాలు తిరుగుత. అత్తరు అమ్మెటాయన, తాళాలు రిపేర్ చేసెటాయన, లక్కగాజులు చేసెటామె. ఫోటో తీస్త, నాలుగు ముక్కలు రాస్త. చదివెటోళ్లు ఎవరంటే మా బావ, మా సెక్షన్‌ల ఇద్దరు, ఇంకెవరో ఒకాయన. ఆయన ప్రతి పోస్టు కింద "నైస్" అని పెడ్తడు. ఎవరో నాకు ఇప్పటికీ తెల్వదు. అసుంటి బ్లాగుకు ఒక లొల్లి దొరికింది.

నా పక్క సీటుల ప్రభాకర్ అని ఉంటడు. వాళ్లు క్రిస్టియన్స్. ఒకనాడు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ఇప్పుకుంట అన్నడు, "అన్నా, అఫ్జల్‌గంజ్ వెనక గల్లీల క్రిస్టియన్ పుస్తకాల షాపు ఉంటది సూడు, కరుణమ్మ ఆంటీది. ఆడ బైబిళ్లు అమ్ముతలేరట."

"బైబిల్ దుకాణంల బైబిల్ అమ్మకపోతే ఏమమ్ముతరు?"

"గదే మా చర్చిల అందరు అనుకునేది. ఆమె దుకాణం ఎవరికో ఇచ్చేస్తదట, ఆడ మొబైల్ కవర్ల షాపు పడ్తదట. నాకైతే పక్కా తెల్వదు."

ఆ చివరి ముక్క నా చెవుల పడనే లేదు. నేను మొబైల్ కవర్ల దగ్గర్నే ఆగిపోయిన.

తెల్లారి సగం రోజు లీవ్ పెట్టి పోయిన. షటర్ సగం దించి ఉన్నది. నడుం వంచి లోపలికి తొంగి సూసిన. ఎదురు గోడకు ఒక అట్ట బోర్డు, దాని మీద నీలం స్కెచ్ పెన్నుతోని పెద్ద పెద్ద అక్షరాలు: "బైబిళ్లు ఇక్కడ అమ్మబడవు."

నా కండ్లతోని సూసిన. అట్లనే వంగి బయటినుంచే ఫోటో కొట్టిన. పక్క దుకాణపాయన నన్ను సూసి, "ఖానే కో గయే భాయ్, ఆధే ఘంటే మే ఆతే" అన్నడు. తిననీకి పోయిండ్రట, అర్ధగంటల వస్తరట. అర్ధగంట ఎందుకాగాలె? సాక్ష్యం నా జేబులున్నది. బండి స్టార్ట్ చేసిన.

ఆ సాయంత్రమే రాసిన. "బైబిళ్లు అమ్మని బైబిల్ దుకాణం" అని హెడ్డింగ్. కింద ఫోటో. "వాక్యం దొరికే చోట రేపు ఫోన్ కవర్లు దొరుకుతయి. ఒక తరం విశ్వాసాన్ని ఒక అట్టముక్క మీద రాసి మూసేసిండ్రు" అని కూడా రాసిన. ఆ వాక్యం నాకు మస్తు నచ్చింది. మా ఆవిడకు రెండుసార్లు చదివి వినిపించిన. ఆమె పప్పు తాలింపు పెట్టుకుంట, "ఆమెను అడిగినవా?" అన్నది. "బోర్డు మీద రాసుంటే ఇంకేం అడుగుడు" అన్న.

రెండు రోజులల్ల నా బ్లాగు ఎవరెవరి ఫోన్లకో పోయింది. చర్చిల వాట్సప్ గ్రూపులల్ల తిరిగిందట. ఒకాయన ఆమె విశ్వాసం అమ్ముకున్నదని రాసిండు. ఇంకొకామె, "మా అమ్మకు సండే స్కూల్ చెప్పింది ఆమెనే, నోరు జాగ్రత్త" అని రాసింది. ఒకరినొకరు తిట్టుకున్నరు, మధ్యమధ్యల నన్ను తిట్టిండ్రు. నైస్ అనేటాయన మొదటిసారి రెండు మాటలు రాసిండు, "వెరీ నైస్" అని.

శుక్రవారం ప్రభాకర్ కుర్చీ దగ్గరికి గుంజుకొని మెల్లగ చెప్పిండు, "అన్నా, సంగతి పెద్దగైంది. మా సంఘ పెద్ద దేవసహాయం గారు ఆదివారం ఆరాధనల మైకుల చెప్తరట, ఆ షాపుల ఎవరూ కొనొద్దని. వేరే చర్చిల వాళ్లు కూడా ఒప్పుకున్నరట."

మంచోడైతే అప్పుడు భయపడ్తడు. నేను ఏమనుకున్ననో నిజం చెప్త: పార్ట్ టూ రాయాలె అనుకున్న.

శనివారం పొద్దున లాప్‌టాప్ బ్యాగు భుజానేసుకొని పోయిన. ఆమెను నాలుగు ప్రశ్నలడిగి, జవాబు చెప్పలేక తడబడితే అది కూడా రాయాలని నా ప్లాను. షటర్ పూర్తిగ ఎత్తి ఉన్నది. లోపల కరుణమ్మ, తెల్లచీర, ముక్కు మీదికి జారిన కండ్లద్దాలు, ఫోన్ల మాట్లాడుతున్నది. "మీరు ఒక్కసారి వచ్చి సూడుండ్రి అయ్యా. సూసినంక మీ ఇష్టం" అని ఫోన్ పెట్టేసింది. నా బ్యాగు సూసి లేచి నిలబడ్డది.

"వచ్చినవా నాయనా, దేవుడే పంపిండు. డీటీపీ షాపుకు ఎప్పుడో ఫోన్ చేసిన, మనిషిని పంపుతమన్నరు. కూసో. తెలుగు టైప్ చేస్తవు గదా?"

"చేస్త ఆంటీ" అన్న. అబద్ధమైతే కాదు. కూసున్న.

కూసున్నంక తల ఎత్తి సూసిన. ఎదురుంగ అదే బోర్డు. దాని మీద మూడు లైన్లు. "ఇంటి పెద్దల పేర్లు రాసి ఉన్న పాత" అని పైన. "బైబిళ్లు ఇక్కడ అమ్మబడవు" అని నడుమ. "కావలసిన వారికి ఊరికే ఇవ్వబడును" అని కింద. ఆనాడు పై లైను షటర్ చాటున పడ్డది. కింది లైనుకు కౌంటర్ మీది కీర్తనల పుస్తకాల కట్ట అడ్డమున్నది. నడిమి లైను ఒక్కటే నాకు దర్శనమిచ్చింది. బోర్డు పక్క, ఆనాడు చీకట్ల నాకు కనపడని అల్మారా నిండ కొత్త బైబిళ్లు, చిన్నవి, పెద్దవి, జిప్పు ఉన్నవి, లేనివి.

"ఆ పాతవి ఏంది ఆంటీ?" అని అడిగిన.

"పెద్దోళ్లు పోయినంక పిల్లలు తెచ్చి ఇస్తరు నాయనా. వాళ్లు ఫోన్లనే చదువుకుంటరు. పారెయ్యనీకి మనసు రాదు, ఇంట్ల పెట్టనీకి జాగ లేదు." ఒకటి తీసి మొదటి పేజీ తెరిచి చూపించింది. పెన్సిల్‌తోని రాసి ఉన్నది, బిడ్డ పుట్టిన తారీకు. దాని కింద, "జ్వరం తగ్గింది, స్తోత్రం" అని. "ఇది ఎట్ల అమ్ముత చెప్పు. అడిగినోళ్లకు ఇచ్చేస్త. ఎవడో బ్లాగుల రాసిండట, నేను బైబిళ్లే అమ్ముతలేనని, దుకాణమే ఇచ్చేస్తనని. నేను ఇచ్చేసేది గీ పాతవే. రేపు చర్చిల నా పేరు చదువుతరట. నువ్వు ఒక జవాబు టైప్ చెయ్యి, నేను చెప్త."

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలే. లాప్‌టాప్ తెరిచిన.

"ఆ రాసిన సహోదరుడు పొరబడినాడు, అని రాయి."

"పొరబడినాడు అంటే మరీ చిన్న మాట ఆంటీ. 'కండ్లుండి చూడని, నోరుండి అడగని మనిషి' అని పెడ్తున్న."

"అయ్యో, అంత మాట వద్దు. ఆయనకూ ఒక తల్లి ఉంటది."

"ఉంటది ఆంటీ, ఆమె కూడా ఇదే అంటది" అని రాసేసిన. "ఇటువంటి వారికి ఫోన్ చేతికి ఇచ్చుట పిచ్చోని చేతికి రాయి ఇచ్చినట్టే" అని కూడా కలిపిన. ఆమె ఆపుతున్నది, నా వేళ్లు ఆగుతలేవు. నేను రాసినవాటిల్ల ఇంత జోరుగ ఏదీ రాలే.

అప్పుడు దేవసహాయం గారు వచ్చిండ్రు, సఫారీ డ్రెస్సు, చేతుల నల్ల బైబిల్. ఆమె బోర్డు చూపించింది. ఆయన మూడు లైన్లు చదివి, మళ్లీ మొదటి నుంచి చదివి, కుర్చీల కూలబడ్డడు. "జవాబు రాయిస్తున్న, వినుండ్రి" అన్నది ఆమె. నేను చదివిన. ఆయన తల ఊపుకుంట, "భాష బాగున్నది. ఎవరీ బాబు?" అన్నడు.

"డీటీపీ నుంచి" అన్నది ఆమె.

గుమ్మంల ఒకామె నిలబడ్డది, నల్ల బురఖా, చేతుల లాప్‌టాప్. "సారీ ఆంటీ, కరెంట్ పోయింది మా గల్లీల. టైప్ చేసేది ఉన్నదన్నరు గదా, నేను షాహీన్, డీటీపీ నుంచి."

కరుణమ్మ ఆమెను సూసింది, నన్ను సూసింది. "మరి నువ్వెవరు నాయనా?"

"నేను... గా బ్లాగు ఆంటీ" అన్న. పేరు చెప్పలే, ఊరు చెప్పలే. బ్లాగు అని చెప్పిన.

షాహీన్ వంగి నా స్క్రీన్ చదివి, "అప్నే ఆప్ కో ఇత్తీ గాలియా కౌన్ దేతా భాయ్" అన్నది. తనను తానే ఇన్ని తిట్లు ఎవరు తిట్టుకుంటరని. దేవసహాయం గారు లేచి నిలబడ్డరు. గట్టిగ తిడ్తరనుకున్న. కరుణమ్మ చేత్తోని ఆయనను ఆపింది, అద్దాలు తీసి కొంగుతోని తుడుచుకున్నది.

"ఆనాడు నేను అన్నం తిననీకి పోయిన నాయనా. అర్ధగంటల వస్తి. నువ్వు ఆగితే నీకు కూడా ఇంత పెడ్తుంటి."

తిట్టినా అంత తగలకపోతుండె. తల వంచుకున్న. దేవసహాయం గారు, "ఎంత పని చేసినవు బాబూ" అన్నరు. ఆమె ఆయన దిక్కు తిరిగింది. "ఈయన ఒక్క లైనన్నా సూసిండు అయ్యా. మీరు అది కూడా సూడలే." ఆయన కూడా తల వంచుకున్నడు. ఇద్దరం పక్కపక్కన నేల చూసుకుంట నిలబడ్డం.

చివరికి ఆమె అన్నది, "రాసింది నువ్వే, తిట్టింది నువ్వే. కింద సంతకం కూడా నువ్వే పెట్టు." పెట్టిన. అక్కడే కూసోని, పాత పోస్టు మీద ఈ జవాబు ఎక్కించిన, బోర్డు మూడు లైన్లు కనపడేటట్టు ఫోటో తీసి పెట్టిన. షాహీన్ రెండు అచ్చుతప్పులు దిద్దింది.

సోమవారం ఆఫీసుకు పోంగనే ప్రభాకర్ చెప్పిండు. ఆదివారం మైకుల దేవసహాయం గారు, తప్పు మాది కూడా అని ఒప్పుకున్నరట, అందరిని ఆ షాపుకు పొమ్మన్నరట. తర్వాత, "తెలియక రాసిన ఈ సహోదరునికి దేవుడు వివేకం ఇయ్యాలె" అని చర్చి మొత్తంతోని ప్రార్థన చేయించిండ్రట. "నీ పేరు, ఇంటిపేరు, ఆఫీసు, అన్నీ చదివిండ్రు అన్నా. గోత్రం ఒక్కటే చదవలే."

ఆ ముచ్చట ఇంట్ల అన్నం తినుకుంట చెప్పిన. మా బాపు శాలిబండ దగ్గర గుళ్లె అర్చకుడు, ఏది విన్నా తొణకడు. మజ్జిగ పోసుకుంట, "మంచిదే. రేపు పొద్దున నీ పేరు మీద అర్చన చేస్త, గోత్రం నేను చదువుత" అన్నడు.

"ఎందుకు బాపు?"

"బుద్ధి కోసమే గదా. రెండు దిక్కుల నుంచి అడుగుదాం. ఎవరిచ్చినా తీసుకుందాం."

అర్చన కూడా అయింది. దరఖాస్తు రెండు దిక్కులా పోయింది గానీ, శాంక్షన్ అయినట్టు నాకైతే అనిపిస్తలేదు. ఎందుకంటే ఇంతసేపు మీకు ఇది చెప్పుకుంటనే, లోపల లోపల, దీని మీద ఒక మంచి పోస్టు అయితది గదా అనుకుంటున్న.