రెండు జవాబుల లెక్క

గోదావరిఖనిలో ఒక బొగ్గుబావి దగ్గర ల్యాంప్ రూంలో పనిచేసే శోభ, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో ఓపెన్ ఇంటర్ కట్టి లెక్కలు తీసుకుంది. ఆమెకు ఫారం నింపిపెట్టిన పక్కింటి కుర్రాడు ప్రశాంత్ వద్దనే చెప్పాడు.

"హిస్టరీ తీసుకో అక్కా, కండ్లు మూసుకొని పాసైతవ్."

శోభ వినలేదు. ఇరవై ఏళ్ల కిందట కాలేజీలో ఆమె తప్పింది ఒక్క లెక్కల్లోనే. దానితోనే చదువు ఆగిపోయింది. ఆ ముల్లు అప్పటినుంచీ లోపల కదులుతూనే ఉంది.

బావిలో పనిచేసే భర్త సదానందం గుండె జబ్బుతో మెడికల్ అన్‌ఫిట్ అయ్యాక, అతని బదులు బొగ్గు కంపెనీ ఆమెకు ఆ ఉద్యోగం ఇచ్చింది. బావిలోకి దిగేవాళ్లకు తలదీపాలు ఇవ్వడం, పైకొచ్చినవాళ్ల దగ్గర తీసుకుని చార్జింగుకు పెట్టడం ఆమె పని. మొదటి షిఫ్టు దిగి ఇంటికొచ్చి, కాళ్లూ చేతులూ కడుక్కుని పుస్తకం ముందేసుకునేది. ఎండాకాలం క్వార్టర్ గోడలు సాయంత్రం దాకా సెగలు కక్కేవి. తడి తువ్వాలు మెడకు చుట్టుకుని చదివేది. సదానందం వంట నేర్చుకున్నాడు.

మొదటిసారి రాస్తే లెక్కల్లో ఇరవై నాలుగు మార్కులొచ్చాయి; పాసుకు ముప్పై ఐదు కావాలి.

"పోనీ, సబ్జెక్టు మార్చుకోరాదు?" అన్నాడు సదానందం.

"మార్చ. ఎక్కడ తప్పుతున్ననో తెలుసుకోవాలె" అంది.

పక్క వీధిలో విశాలాక్షమ్మ ఉండేది. మంథని మనిషి, లెక్కల లెక్చరరుగా రిటైరైంది. శోభ నోటుబుక్కు పట్టుకుని వెళ్లింది. విశాలాక్షమ్మ రెండు పేజీలు తిప్పి ఒకచోట వేలు పెట్టింది. రెండు సంఖ్యలు కూడి లాగ్ తీసినా, విడివిడిగా లాగ్ తీసి కూడినా ఒకటేనని శోభ రాసింది.

"ఎవరు చెప్పిన్రు నీకిది?"

"నాకే అనిపించింది మేడం."

"అనిపించిందాన్ని నమ్మొద్దు. సంఖ్యలు పెట్టి చూడు. లాగ్ భూమి, అదే బేసు, రెండు; సంఖ్యలు నాలుగూ నాలుగూ."

శోభ వేసింది. నాలుగుకు లాగ్ రెండు; రెండూ రెండూ నాలుగు. నాలుగూ నాలుగూ కూడితే ఎనిమిది, దాని లాగ్ మూడు. మూడూ నాలుగూ ఒకటి కావు. ఏళ్లుగా తను చేస్తూ వచ్చిన తప్పు కళ్లముందే కనిపించింది. సిగ్గు కలగలేదు. దొంగ దొరికినట్టు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత ఎనిమిది నెలలు, డ్యూటీ దిగి రోజూ ఒక గంట అక్కడే. ఘాతాలు, బహుపదులు, వర్గ సమీకరణాలు. లాగ్ లెక్కల్లో రెండు విలువలు వస్తే ఒక్కోసారి ఒకటి రుణసంఖ్య అయ్యేది. రుణసంఖ్యకు లాగ్ ఉండదు కనక దాన్ని కొట్టేయాలి. శోభకు ఆ కొట్టివేత బాగా అలవాటైంది.

రెండోసారి పరీక్షలో పెద్ద లెక్క ఒకటి వచ్చింది: 4ˣ − 10·2ˣ + 16 = 0. 2ˣ ను y అనుకుంటే y² − 10y + 16 = 0. y రెండు, లేదా ఎనిమిది. అంటే x ఒకటి, లేదా మూడు. రెండు జవాబులు. చెయ్యి అలవాటుగా ఒకదాన్ని కొట్టేయబోయింది. ఆగింది. x చోట ఒకటి పెట్టి చూసింది: నాలుగులోంచి ఇరవై తీసి పదహారు కలిపితే సున్నా. మూడు పెట్టింది: అరవై నాలుగులోంచి ఎనభై తీసి పదహారు కలిపితే అదీ సున్నా. రెండింటినీ ఉంచి కింద గీత గీసింది.

బయటికొచ్చి నేరుగా విశాలాక్షమ్మ ఇంటికి వెళ్లి ఆ లెక్క చెప్పింది.

"ఒకటి కొట్టేసినవా?" అడిగింది విశాలాక్షమ్మ.

"లేదు మేడం. పెట్టి చూసిన. రెండూ నిలిచినయి."

పెద్దావిడ కాగితం మీద తనూ వేసి చూసుకుని తల ఊపింది.

యాభై ఎనిమిది మార్కులు వచ్చాయి. ఇంటర్ పాసైనవాళ్లు రాయదగిన క్లర్కు పరీక్ష ఒకటి కంపెనీలో ఉందని తెలుసుకుని, ఆ వారమే శోభ దరఖాస్తు ఇచ్చింది.