గేరు లేని బండి

ఆసుపత్రి వ్యాను నడిపే ఆవిడను అందరూ గేరు పిన్ని అనేవారు. డయాలిసిస్ చేయించుకునేవాళ్లను ఇళ్ల దగ్గర ఎక్కించుకోవడం, పనయ్యాక మళ్లీ ఎవరి గుమ్మం ముందు వాళ్లను దించడం ఆమె ఉద్యోగం. ఆ పేరు పెట్టింది వాళ్లే. గేరు మార్చిన సంగతి కూడా తెలియనంత మెత్తగా నడుపుతుందని కొందరు, ఏ మాట ఎత్తినా చివరికి గేరు దగ్గరికే తెస్తుందని కొందరు అనేవారు. రెండూ నిజమే. ఆటోమేటిక్ బండ్ల ఊసు వస్తే చాలు, మూతి మూడు వంకర్లు తిప్పేది.

"అదేం నడపడమండీ? సోఫాలో కూర్చుని టీవీ చూసినట్టు. చేతికీ కాలికీ పని లేకపోతే ఇక డ్రైవరెందుకు, దిష్టిబొమ్మను కూర్చోబెడితే సరిపోదూ?"

ఆమెకు స్టీరింగు చేతికిచ్చింది లారీ నడిపే అన్న. "కళ్లు రోడ్డు మీద, చెవి ఇంజను మీద పెట్టు. గేరు ఎప్పుడు మార్చాలో బండే అడుగుతుంది" అని చెప్పాడు. ఆమె అలాగే నేర్చుకుంది. పెళ్లయింది. మొగుడు దర్జీ, నెమ్మదస్తుడు. పిల్లలు కలగలేదు. నెలలు గడిచి సంవత్సరాలవుతున్నకొద్దీ ఇంట్లో కంటే బండిలోనే ఆమెకు ఎక్కువ ఊపిరాడేది.

ఆ చెవులే ఆమెకు ద్రోహం చేశాయి. మొదట ఫోను ఎడమ చెవికి ఆనించడం మానేసింది. తర్వాత ఇండికేటరు టిక్కుటిక్కుమనడం వినిపించడం మానేసింది. ఆ తర్వాత వెనక సీట్లో వాళ్ల మాటలు నీళ్లలో మాట్లాడుతున్నట్టు అయిపోయాయి. తెలిసినవాళ్లెవరూ ఎదురుపడని చోట ఒక చెవి డాక్టరును వెతుక్కుని వెళ్లింది.

"నరం దెబ్బతిందమ్మా. మిషను పెట్టుకుంటే కొంత వినిపిస్తుంది, పూర్తిగా మాత్రం రాదు" అని ఆయన కాగితం మీద రాసి చూపించాడు. ఏం పని చేస్తావని అడిగితే టైలరింగని అబద్ధమాడింది. మళ్లీ అటు వెళ్లలేదు.

అయినా బండి నడుస్తూనే ఉంది. పాత డీజిల్ వ్యాను అది. గేరు రాడ్డు మీద చెయ్యి వేస్తే చాలు, ఇంజను సంగతంతా అరచేతికి తెలిసిపోయేది. బరువెక్కి గరగరలాడితే కింది గేరు కావాలి, వణుకు పలచబడితే పై గేరు కావాలి. క్లచ్చు ఎక్కడ పట్టుకుంటుందో ఎడమ పాదానికి తెలుసు. హారన్ల కోసం అద్దాలు చూసేది, అంబులెన్సు కోసం ముందు బండ్లు పక్కకు జరగడం చూసేది. మనుషులతో పేచీ రాకుండా వాళ్ల పెదాలు చదవడం నేర్చుకుంది.

చిక్కంతా ఇంట్లోనే. మొగుడు గుండుసూదులు పెదాల మధ్య బిగించి మాట్లాడే మనిషి. ఆ మూతిని చదవడం బ్రహ్మతరం కూడా కాదు. అతను ఒకటి అడిగితే ఈమె ఇంకొకటి చెప్పేది. "గోడలకు చెవులుంటాయంటారు. మా ఇంట్లో గోడలకే ఉన్నాయి, మా ఆవిడకు లేవు" అని అతను కొట్టుకు వచ్చినవాళ్లతో హాస్యమాడేవాడు. ఆ మాట అనేటప్పుడు నోట్లో సూదులుండేవి కావు కాబట్టి ఆమెకు అర్థమయ్యేది. అందరికంటే గట్టిగా ఆమే నవ్వేది.

ఇలా గుట్టుగా బతుకుతుండగా ఆసుపత్రికి బండ్లు తిప్పే ఓనరమ్మ కొత్త వ్యాన్లు తెప్పించింది. బ్యాటరీతో నడిచేవి. గేర్లు లేవు, క్లచ్చు లేదు, ఇంజను వణుకు లేదు. స్టీరింగు పక్కన ఒక చిన్న మీట, ఎదురుగా పలకంత తెర. షెడ్డులో అందరినీ నిలబెట్టి కంపెనీ కుర్రాడు వివరించాడు. పక్కనుంచి బండి వస్తే ఒక రకంగా, గీత దాటితే ఇంకో రకంగా, వెనక అడ్డమొస్తే మరో రకంగా బండే కూత పెడుతుందట. "మీరు చూడకపోయినా ఫర్వాలేదు, వింటే చాలు" అన్నాడు. గేరు పిన్ని గుండెల్లో రాయి పడింది.

షెడ్డులో అందరికంటే పెద్దవాడైన డ్రైవరుకు మోకాళ్ల నొప్పి. అతను బండి దిగి నిజంగానే చిందులేశాడు. "చెల్లెమ్మా, నా ఎడమ కాలికి రిటైర్మెంటొచ్చింది! ట్రాఫిక్కులో క్లచ్చు తొక్కీ తొక్కీ ఇంటికెళ్తే మెట్లెక్కలేకపోయేవాణ్ని. ఈ బండి కనిపెట్టినోడు చల్లగుండాలి."

అతని సంతోషం చూసి ఆమెకు ఏడుపొచ్చింది. నేరుగా ఓనరమ్మ గదిలోకి వెళ్లింది.

"అమ్మా, ఆ పాత బండి నాకే ఉంచండి. బ్రతికున్నంత కాలం మీ పేరు చెప్పుకుంటాను."

"ఏంటి పిన్నీ, చిన్నపిల్లలా? ఆ పొగకు పేషెంట్లు దగ్గుతున్నారు. దాన్ని కొనేవాళ్లు కూడా దొరికారు."

"నాకు గేరు లేకపోతే చెయ్యాడదమ్మా."

"పది రోజులు నడిపితే అదే అలవాటవుతుంది. అందరికీ అవుతోంది, నీకెందుకు కాదు?"

ఎందుకు కాదో నోటి చివరిదాకా వచ్చింది. చెబితే ఈ పూటే తాళాలు తీసుకుంటారు. చెప్పకపోతే రేపు ఆ మూగ బండి ఎక్కాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తల ఊపి బయటికొచ్చేసింది.

కొత్త బండిలో ఆమె ఎడమచెయ్యి అనాథైపోయింది. మాటిమాటికీ లేని రాడ్డు కోసం వెతుక్కునేది. బండి కదిలిందో లేదో, ఎంత వేగంలో ఉందో ఒంటికి తెలిసేది కాదు. అన్నీ కళ్లతోనే చూడాలి. రోడ్డు, అద్దాలు, తెర, మళ్లీ రోడ్డు. సాయంత్రానికి కళ్లు మంటలెక్కేవి. తలుపు సరిగ్గా పడకపోతే బండి దారి పొడవునా కూతలు పెడుతూనే ఉండేది, వెనక వాళ్లు విసుక్కునేవారు, ఆమె తన లోకంలో తాను నడిపేది.

పసిగట్టింది లెక్కల మాస్టారు. రిటైరైన ఆయన వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వచ్చేవారు, ఎప్పుడూ ముందు సీటే. ఒకరోజు బెల్టు పెట్టుకోకుండా కూర్చున్నారు. బండి గోల పెడుతూనే ఉంది. ఆమె పట్టించుకోలేదు. రెండు వీధులు దాటాక ఆయన బెల్టు తగిలించుకుని, సిగ్నల్ దగ్గర ఆమె భుజం తట్టి, మొహంలోకి చూస్తూ నిదానంగా అడిగారు.

"ఎన్నాళ్ల నుంచమ్మా?"

"మాస్టారూ, మీ కాళ్లు పట్టుకుంటాను. ఎవరితోనూ అనకండి."

సూదులు గుచ్చీ గుచ్చీ కాయలు కాసిన తన చేతిని ఆయన చూసుకున్నారు. గతుకుల్లో ఆ చెయ్యి అదరకుండా ఇంటికి చేర్చేది ఈమె ఒక్కతే. "అనను" అన్నారు. ఆ రోజు నుంచి ఆయనే ఆమెకు చెవులయ్యారు. బండి కూత పెడితే వేలితో డాష్‌బోర్డు మీద కొట్టి చూపించేవారు. ఆయన లేని రోజుల్లో ఆమె ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిపేది.

అయితే ఘోరం జరగబోయింది ఆయన ఉన్న రోజే. వాన కుండపోతగా పడుతోంది. ఆసుపత్రి వెనక చక్రాల కుర్చీలు ఎక్కే వాలు దగ్గరికి బండిని వెనక్కి తీసుకెళ్తోంది. పాత బండైతే కిటికీలోంచి తల బయటపెట్టి చూసుకునేదే. ఇప్పుడు కెమెరా ఉందిగా అని తెర చూసింది. కెమెరా మీద వాననీళ్లు పట్టి అంతా మసకగా ఉంది. మాస్టారు నీరసంగా కళ్లు మూసుకుని ఉన్నారు.

బండి ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

ఆమె బ్రేకు వెయ్యలేదు. 'ఇదిగో, మొరాయించింది దరిద్రపుది' అనుకుంది. ఎన్నాళ్ల కడుపుమంటో కాలిలోకి వచ్చింది. యాక్సిలరేటరు గట్టిగా తొక్కింది. బండి గింజుకుని ఇంకాస్త వెనక్కి జరిగింది. మాస్టారు రెండు చేతులతో ఆమె మొహాన్ని తనవైపు తిప్పుకున్నారు. ఆయన నోరు "ఆపు ఆపు ఆపు" అంటోంది.

దిగి వెనక్కి వెళ్లింది. చక్రాల కుర్చీ వ్యాను బంపరుకు ఆని ఒక పక్కకు ఒరిగి ఉంది. అందులో ఒక ముసలామె, ఎప్పుడూ వచ్చే మనిషే, కొంగు నెత్తిన కప్పుకుని బిత్తరచూపులు చూస్తోంది. ఆమె చెప్పు ఒకటి వ్యాను చక్రం కింద ఉంది. కుర్చీని వెనక్కి లాగుతూ వార్డుబాయ్ అరుస్తున్నాడు.

"అంత మొత్తుకుంటుంటే వినపడట్లేదా? బండి కూతలు పెడుతోంది, నేను బండి మీద చరుస్తున్నాను! చెవిటిదానివా?"

అతను తిట్టుగా అన్నాడు. ఆమె అతని పెదాలు చూసి, "అవును బాబూ. చెవిటిదాన్నే" అంది. అక్కడే వాననీళ్లలో కూలబడింది. ముసలామెకు గీత కూడా పడలేదు. కానీ గేరు పిన్నికి అదేమీ ఊరటనివ్వలేదు. వెనక అడ్డాన్ని పసిగట్టి మొదట బ్రేకు వేసింది తను కాదు, తను అసహ్యించుకున్న బండి. రెండోసారి తొక్కింది మాత్రం తనే.

ఓనరమ్మ తాళాలు అడగకముందే బల్ల మీద పెట్టేసింది. ఓనరమ్మ కోప్పడలేదు, పరీక్షకు పంపింది. చెవి మిషను పెట్టించినా పరీక్షలో గట్టెక్కలేదు. మనుషుల్ని ఎక్కించుకునే బండి ఇక నడపకూడదన్నారు. తెలిసీ దాచినందుకు మాస్టారు సిగ్గుపడి, కొన్నాళ్లు వ్యాను మానేసి ఆటోలో వెళ్లారు.

ఆ సంగతి మొగుడికి చెప్పినప్పుడు అతను సూదులన్నీ ఒక్కొక్కటే నోట్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"నాతో కూడా చెప్పలేదేమే?"

"చెబితే మానెయ్యమంటారని."

"మరి నేను వేసిన జోకులకు నవ్వావే అన్నాళ్లూ!" అన్నాడు. ఆ మాటతో అతనికే ఏడుపొచ్చి లోపలికి వెళ్లిపోయాడు.

తర్వాత రోజులు చాలా అధ్వాన్నంగా గడిచాయి. అన్నం సయించేది కాదు. చెవి మిషనులో గిన్నెల చప్పుడు తలలో మేకు కొట్టినట్టుండేది, తీసేస్తే ప్రపంచం మూతపడిపోయేది. పాత వ్యానును కూరగాయల వాళ్లు కొనుక్కుని వెళ్లారని తెలిసినప్పుడు మంచం దిగలేదు. కళ్లు మూసుకుంటే చక్రం కింద ఆ చెప్పు కనిపించేది. చివరికి మొగుడే ఒక కొత్త చెప్పుల జత కొని తెచ్చి చేతిలో పెట్టాడు. "వెళ్లి ఇచ్చిరా. లేకపోతే నువ్వు పిచ్చిదానివైపోతావు" అన్నాడు.

ముసలామె ఇంట్లో ఆమె కోడలు తలుపు తీసింది. గేరు పిన్ని లోపలికి వెళ్లి, మంచం పక్కన నేల మీద కూర్చుని, చెప్పుల జత ఎదురుగా పెట్టింది. "అమ్మా, ఆ రోజు వానలో మిమ్మల్ని గుద్దబోయింది నేనే. క్షమించండి" అంది.

ముసలామె చెప్పులు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏ వానమ్మా?" అంది.

కోడలు గుమ్మం దగ్గర నిలబడి, అత్తయ్యకు ఈమధ్య ఏదీ గుర్తుండట్లేదని చెప్పింది. తిట్టించుకుందామని వచ్చిన మనిషికి తిట్టేవాళ్లే లేకపోయారు. ముసలామె ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు ఆసుపత్రి అమ్మాయివి కదూ? రేపు నాతో వస్తావా? ఆ బండిలో నాకు భయమేస్తుంది, పక్కన ఎవరూ ఉండరు."

ఆమెకు సగమే వినిపించింది. కోడలి వైపు చూస్తే, కోడలు ఆ మాటే మళ్లీ చెప్పింది.

పేషెంట్లను ఎక్కించి దించడానికి మనిషి కావాలని ఓనరమ్మ అంతకుముందే కబురు పెట్టింది. గేరు పిన్ని జవాబివ్వలేదు. స్టీరింగు పట్టిన చేత్తో సంచులు మొయ్యాలా అనుకుంది. ఇప్పుడు కూడా ఆ బాధ పోలేదు. అయినా మర్నాడు పొద్దున షెడ్డుకు వెళ్లింది. మోకాళ్ల నొప్పులున్న ఆ పెద్దాయన డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి, కొత్త మనిషికి పెట్టినట్టు నమస్కారం పెట్టాడు. ఆమె అటు చూడకుండా వెనక తలుపు తీసుకుని ఎక్కింది.

ముసలామె ఇంటి దగ్గర దిగి, కుర్చీ ఎక్కించి, బెల్టు బిగించి, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ముసలామె ఏదో చెబుతోంది. ఈమె తల ఊపుతోంది. బండి ఎప్పుడు కదిలిందో ఆమెకు తెలియలేదు. కిటికీలో గోడ వెనక్కి జరగడం చూసి, బయల్దేరామనుకుంది.