బూటు విప్పి రమ్మన్న దుకాణం

ఈ సంగతి ఇప్పటికి ఎంతమందికి చెప్పుకున్నానో లెక్క లేదు. విన్నవాళ్లంతా అయ్యో అన్నారు, చాయ్ తాగారు, లేచి వెళ్లిపోయారు. జవాబు చెప్పాల్సిన మనిషి దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లినా నవ్వాడే గానీ జవాబివ్వలేదు. నోటితో చెబితే విననివాళ్లు కాగితం మీద పెడితేనైనా చదువుతారేమోనని రాస్తున్నాను.

నాది వనపర్తి. బడిలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. చిన్నతనంలో పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. తొడ దాకా రెండు ఇనుప కడ్డీలు, కింద వాటికి బిగించిన తోలు బూటు. అంతా కలిపి ఒకటే ముక్క. బూటు విప్పడమంటే కాలు విప్పి పక్కన పెట్టడమే. ఊళ్లో అందరికీ తెలిసిన ఈ చిన్న విషయం దుకాణాల వాళ్లకు మాత్రం ఎప్పుడు చెప్పినా కొత్తగానే ఉంటుంది.

అచ్చంపేటలో ఒక హోటల్ ముందు మెట్లెక్కలేక నిలబడితే, లోపలి నుంచి చాయ్ పంపించి పైసలు వద్దన్నారు. నా ఒంటి మీద తెల్ల చొక్కా, జేబులో పెన్ను, చంకలో కర్ర. వాళ్లకు కర్ర ఒక్కటే కనబడింది. ఆ చాయ్ తాగలేదు. అచ్చంపేట వెళ్లే ప్రతిసారీ ఆ హోటల్ గుర్తొచ్చి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ నేను చెప్పదలచింది గద్వాలలోని ఒక చీరల దుకాణం గురించి.

మా దిక్కున పెళ్లిబట్టలకు రెండు వైపుల వాళ్లూ కలిసి వెళ్తారు. దుకాణంలో పరుపుల మీద తెల్ల దుప్పట్లు పరిచి ఉంటాయి. చెప్పులు బయట విడిచి అందరూ వాటి మీద కూర్చుంటే పనివాళ్లు ఒక్కొక్క చీరా విప్పి ముందర వేస్తారు. వియ్యంకులు ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. కోడలికి పెట్టే మొదటి చీర మీద మామ చెయ్యి వేసి "ఇది" అనాలి. నాకు కావలసింది అదొక్కటే. మా వాళ్ల మధ్య కూర్చుని, చీర మీద చెయ్యి వేసి, "ఇది" అనడం.

పెద్దకొడుకు పెళ్లికి అది జరగలేదు. దుకాణానికి మెట్లున్నాయి. నన్ను బయట, చెప్పుల పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. లోపల నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. దుకాణానికి వచ్చిన ఒకామె తన చెప్పులు నా కుర్చీ కిందికి నెట్టి, "జర సూస్తుండు పెద్దమనిషీ, కొత్తయి" అని లోపలికి వెళ్లింది. చాలాసేపటికి ఒక పనివాడు చీర మడత తెచ్చి చూపించి, నేను నోరు తెరిచేలోపే, "అందరికీ నచ్చింది సార్" అని తీసుకుపోయాడు.

ఆ తర్వాత గద్వాలకు ఏ పని మీద వెళ్లినా ఆ దుకాణం ముందు ఆటో ఆపించి యజమాని సేటును బయటికి పిలిపించేవాణ్ని. "గీ మెట్లకు ఏం జేస్తవ్?" అని అడిగేవాణ్ని. "జేద్దాం సార్" అనేవాడు. చివరికి దుకాణం కొత్తగా కట్టినప్పుడు నిజంగానే ర్యాంపు వేశాడు. ఫోన్ చేసి నన్నే పిలిచాడు. రిబ్బను నాతోనే కత్తిరించాడు, శాలువా కప్పాడు, ఫోటో తీయించాడు. ఆ రోజు జనం ఎక్కువై నేను ర్యాంపు మీది నుంచే తిరిగొచ్చాను. లోపలికి వెళ్లి చూడాలన్న ఆలోచన రాలేదు. శాలువాకే పొంగిపోయాను.

చిన్నకొడుకు పెళ్లిబట్టలకు అదే దుకాణానికి వెళ్దామని పట్టుబట్టింది నేనే. అందరికంటే ముందు ర్యాంపు ఎక్కాను. గుమ్మంలో పనివాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"సార్, జర బూటు ఇడిషి రాండ్రి. లోపట లచ్చిమి ఉంటది."

"ఇడుస్త. ఇడిషినంక నన్ను నిలబెట్టేదెవరు, నువ్వా?"

సేటు పరుగున వచ్చాడు. "గట్లెందుకు అన్నా, నువ్వు మా మనిషివి. కడ్డీలు ఇప్పు, ఇద్దరం ఎత్తుకపోయి పరుపు మీద కూసోబెడ్తం."

కాబోయే వియ్యంకుడు వెనక నుంచి, "ఏం బావా, పిల్లగానికంటే ముందు నీకే ఊరేగింపా!" అన్నాడు. అందరూ నవ్వారు.

"పీనుగను గూడ గిట్లనే ఎత్తుకపోతరు" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. పెళ్లిపనిలో అనకూడని మాట. పెళ్లికూతురి తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా భార్య నా చొక్కా పట్టి లాగి, "శుభమా అని వస్తే ఏం మాటలవి? జర ఊకోరాదు" అంది. ఆ క్షణం నుంచి తప్పంతా నా నోటిదే అయింది. గుమ్మంలో ఆపినవాళ్లది ఏమీ లేదు.

నేను సేటుతో మెల్లగానే చెప్పాను. "తడిగుడ్డ ఇయ్యి, బూటు నేనే తుడుచుకుంట. ఓ పక్కకు ప్లాస్టిక్ పట్టా పరువు, దాని మీద కుర్చెయ్యి. మీ దుప్పటి తొక్కను. నా ముంగట కూడ చీరలు పరువు."

అతను తల గోక్కున్నాడు. "మా నాయిన పెట్టిన ఆచారం అన్నా. బూట్లు లోపటికి రాలే ఇంతదాంక. సోచాయించి చెప్త."

అతను ఆలోచిస్తుండగానే మా వాళ్లు ఒక్కొక్కరే నా పక్కనుంచి లోపలికి వెళ్లారు. నేను ర్యాంపు కడ్డీ పట్టుకుని నిలబడి అద్దంలోంచి చూస్తున్నాను. వియ్యంకుడి చేతిలో చాయ్ ఒలికి దుప్పటి మీద ఇంత మరక పడింది. ఎవరూ కంగారు పడలేదు. పనివాళ్లు దుప్పటి తిప్పి పరిచారు, అంతే. ఆ పక్క గోడకు, గల్లాపెట్టె పైన, నా ఫోటో ఉంది. శాలువాతో, కత్తెరతో, నవ్వుతూ.

కోడలికి మొదటి చీర మీద నా భార్య చెయ్యి వేసింది. ఇంటికొచ్చాక, "మంచిగున్నదా?" అని అడిగితే మంచిగానే ఉందన్నాను. పెళ్లి అయిపోయింది. ఇక పెళ్లి చేయాల్సిన పిల్లలు నాకు లేరు.

సోచాయించి చెప్తానన్న సేటూ, ఇంకా సోచాయిస్తున్నావా? నా ఫోటో ఆ గోడ మీద ఉన్నంతకాలం నేను అడుగుతూనే ఉంటాను. ఒక తడిగుడ్డ, ఒక పట్టా, ఒక కుర్చీ. ఈ బూటుతో నేను నీ దుకాణంలోకి రావచ్చునా, రాకూడదా? రాకూడదంటే అదే చెప్పు. చెప్పి, ఆ ఫోటో దించి నా చేతికివ్వు.